ప్రెస్‌లో చెయ్యి పడితే: ఫ్యాక్టరీ చేతి గాయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, పటాన్‌చెరు, విజయవాడ ఆటోనగర్, గాజువాక లాంటి చోట్ల షెడ్లలో పనిచేసేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, కొన్నిసార్లు చిన్న ఓనర్లు కూడా అడిగే ప్రశ్నలివి. ప్రమాదం ఇప్పుడే జరిగి ఆటోలోనో ఆసుపత్రి వరండాలోనో చదువుతుంటే మొదటి నాలుగు ప్రశ్నలు చూడండి. మిగతావి రేపు చదువుకోవచ్చు.

వేలు తెగిపోయింది, రక్తం ఆగడం లేదు. ముందు ఏం చెయ్యాలి?

మెషీన్ మెయిన్ ఆపండి. శుభ్రమైన బట్టను గాయం మీద పెట్టి గట్టిగా అదమండి. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉండాలి. రక్తం ఆగిందా లేదా అని నిమిషానికోసారి బట్ట తీసి చూడొద్దు, కనీసం పది నిమిషాలు అలాగే అదిమి ఉంచండి. బట్ట తడిస్తే దాని మీదే ఇంకోటి వేయండి. ఎంత అదిమినా రక్తం చిమ్ముతూనే ఉంటే వెడల్పాటి గుడ్డతో మోచేతికి పైన బిగించి కట్టి, కట్టిన టైమ్ రాసిపెట్టండి. బైండింగ్ వైరు, సన్న తాడు వాడొద్దు, అవి కింద ఉన్న నరాల్ని నలిపేస్తాయి.

మిగిలిన వేళ్లకు ఉంగరాలుంటే, చేతికి కడియం ఉంటే వెంటనే తీసేయండి. గంటలో చెయ్యి వాచిపోతుంది, తర్వాత కోసి తీయాల్సి వస్తుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం, గ్రీజు ఏవీ గాయం మీద వేయొద్దు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. టీ కూడా వద్దు.

చెయ్యి రోలర్లలో ఇరుక్కుంది. రివర్స్ తిప్పి తీయొచ్చా?

తొందరపడి తిప్పొద్దు. కరెంటు ఆపినా ఫ్లైవీల్, హైడ్రాలిక్ ప్రెషర్, గాలి ప్రెషర్ ఇంకా బలంగా ఉండొచ్చు. చెయ్యి పట్టుకుని లాగితే చర్మం మొత్తం ఊడి వచ్చేస్తుంది. మెయిన్ ఆపి, ఫిట్టర్‌ని పిలిచి, రోలర్ బోల్టులు వదులు చేయించి గానీ డై (అచ్చు) విప్పించి గానీ తీయాలి. ఈలోగా ఒకరు ఆ మనిషి పక్కనే ఉండి మాట్లాడుతూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి.

తెగిన వేలిని ఐసులో వేసి తీసుకెళ్లాలంటారు, నిజమేనా?

సగం నిజం. వేలిని నేరుగా ఐసులో పెడితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. అలా తెచ్చిన వేలు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అతకదు. సరైన పద్ధతి ఇది. సెలైన్‌తో గానీ మంచినీళ్లతో గానీ పైపైన కడగాలి, రుద్దకూడదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి. దాన్ని పాలిథిన్ కవర్‌లో పెట్టి మూతి గట్టిగా కట్టాలి. ఆ కవర్‌ని ఐసు, నీళ్లు కలిపిన ఇంకో కవర్‌లోనో స్టీల్ డబ్బాలోనో పెట్టాలి. వేలికి ఐసు తగలకూడదు, నీళ్లు తగలకూడదు, చల్లదనం మాత్రమే తగలాలి. కవర్ మీద పేరు, ప్రమాదం జరిగిన టైమ్ రాయండి.

నలిగిపోయిన ముక్కలు కూడా పారేయకుండా తీసుకెళ్లండి. వేలు పనికిరాకపోయినా అందులోని చర్మం, నరం ఇంకో వేలికి పనికిరావచ్చు. చాలాసార్లు గాయపడ్డ మనిషిని ఆసుపత్రికి తరలించే హడావుడిలో వేలు డై మీదే ఉండిపోతుంది, లేదా గ్లౌజులో ఉండిపోతుంది. గ్లౌజు తీయకుండానే తీసుకెళ్లండి.

ఎంతసేపట్లో వెళ్లాలి? ఏ ఆసుపత్రికి?

వేళ్లలో కండ ఉండదు కాబట్టి కాస్త ఎక్కువసేపు తట్టుకుంటాయి. మామూలుగా 12 గంటలు, చల్లగా ఉంచితే 24 గంటల దాకా కూడా అతికించే అవకాశం ఉంటుంది. మణికట్టు దగ్గరో దానికి పైనో తెగితే కండ ఉంటుంది కాబట్టి మామూలుగా 6 గంటలే, చల్లగా ఉంచితే సుమారు 12.

దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు వెళ్లి రక్తం ఆపించుకోవడంలో తప్పు లేదు. కానీ అక్కడ కుట్లు వేసి మూసేయకముందే ఒక ప్రశ్న అడగండి: "ఇక్కడ మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా?" లేరంటే కట్టు కట్టించుకుని, ఎక్స్‌రే తీసుకుని బయల్దేరండి. ముందుగా ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి. మైక్రోస్కోప్ కింద మిల్లీమీటరు మందం ఉండే రక్తనాళాల్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టాలి. ఆ టీము ప్రతి ఆసుపత్రిలో ఉండదు.

అతికిస్తారా, లేదా? డాక్టర్ గారు "వద్దు, మూసేద్దాం" అంటున్నారు.

అన్నిసార్లూ అది బాధ్యతారాహిత్యం కాదు. కట్టర్‌తో నీటుగా తెగిన వేలు అతకడానికి అవకాశం ఎక్కువ. పవర్ ప్రెస్ (రేకుని అచ్చులో పెట్టి కొట్టే మెషీన్) కింద నలిగిన వేలికి, రోలర్ లాగేసిన వేలికి చాలా తక్కువ. ఎందుకంటే రక్తనాళం లోపల పొడవునా చితికిపోయి ఉంటుంది. బొటనవేలు, ఒకేసారి రెండు మూడు వేళ్లు, అరచేయి, పిల్లల వేళ్లు అయితే సర్జన్లు వీలైనంత ప్రయత్నిస్తారు. బొటనవేలు లేకపోతే చేతికి పట్టు ఉండదు, అందుకే కాలి వేలిని తీసి బొటనవేలుగా అమర్చే ఆపరేషన్ కూడా ఉంది. ఒక్క వేలు మధ్యలో తెగితే మాత్రం, అతికించినా బిగుసుకుపోయి పనికి అడ్డం పడే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు మూసేయడమే మంచిదని డాక్టర్లు చెప్పొచ్చు.

ఈ విద్య మరీ పాతదేమీ కాదు. తెగిన చేతిని 1962లో బోస్టన్‌లో, 1963లో షాంఘైలో అతికించారు. పూర్తిగా తెగిన బొటనవేలిని 1965లో జపాన్‌లో అతికించారు. మన వైపు కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి చేతి సర్జరీకి బాగా పేరున్నది.

అతికించిన తర్వాత సిగరెట్టు, బీడీ, ఖైనీ ముట్టొద్దు. నికోటిన్‌కి రక్తనాళం ముడుచుకుపోతుంది. ఎన్నో గంటలు కూర్చుని కుట్టిన నాళం ఒక్క బీడీతో మూసుకుపోవచ్చు. పలకరించడానికి వచ్చే ఫ్రెండ్స్‌కి ఈ మాట ముందే చెప్పండి.

గ్రీజు గన్ తగిలి సూది మొనంత రంధ్రం పడింది. నొప్పి కూడా లేదు. పని చేసుకోవచ్చా?

వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈ పేజీలో అన్నిటికన్నా మోసపుచ్చే గాయం ఇదే. ప్రెషర్‌తో దూసుకెళ్లిన గ్రీజు, పెయింటు, హైడ్రాలిక్ ఆయిలు చర్మం కింద నుంచి అరచేతి దాకా పాకుతుంది. బయటికి చుక్కంత రంధ్రం, లోపల కండ కుళ్లడం. మొదట్లో నొప్పి ఉండదు, రాత్రికి చెయ్యి ఉబ్బి భరించలేనంత అవుతుంది. గంటల్లోపు ఆపరేషన్ చేసి శుభ్రం చేయకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. డ్యూటీ డాక్టరు "చిన్న గాయమే, టీటీ వేస్తాను" అంటే, ఏ మెటీరియల్, ఎంత ప్రెషర్ అనేది నొక్కి చెప్పండి.

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కూడా ఇలాంటిదే. గాజు చెక్కే చోట, స్టెయిన్‌లెస్ స్టీల్ పిక్లింగ్ చేసే చోట వాడతారు. చాలాసేపు నీళ్లతో కడిగాక కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి. ఆ యాసిడ్ వాడే షెడ్డులో ఆ జెల్ లేదంటే మేనేజ్‌మెంట్‌ని ఇవాళే అడగండి.

ఇన్ని వేళ్లు పవర్ ప్రెస్‌ల దగ్గరే ఎందుకు పోతాయి? ఆపరేటర్ల అజాగ్రత్తేనా?

అజాగ్రత్త అనేది ఓనరు నోటికి ముందుగా వచ్చే మాట. గుర్‌గావ్, మానేసర్ ప్రాంతాల్లో ఆటో విడిభాగాల ఫ్యాక్టరీల కార్మికుల మధ్య పనిచేసే సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి ఏటా రిపోర్టులు ఇస్తోంది. వేళ్లు పోయేది ఎక్కువగా పవర్ ప్రెస్‌ల మీదే అని, గాయపడ్డవాళ్లు సగటున రెండేసి వేళ్లు పోగొట్టుకుంటున్నారని ఆ రిపోర్టులు చెబుతున్నాయి. అన్ని చోట్లా అందరూ ఒకే మెషీన్ మీద అజాగ్రత్తగా ఉంటారా?

మెషీన్ ఎలా పనిచేస్తుందో చూస్తే విషయం తెలుస్తుంది. మన షెడ్లలో ఎక్కువగా ఉండేవి పాత పిన్ క్లచ్ ప్రెస్‌లు. ఆపరేటరు ఎడమ చేత్తో రేకు ముక్కని డై మీద పెడతాడు, కాలితో పెడల్ తొక్కుతాడు, ర్యామ్ (పైనుంచి దెబ్బ కొట్టే బరువైన భాగం) దిగుతుంది, కుడి చేత్తో తయారైన పీసు తీస్తాడు. షిఫ్టులో ఇలా వేలసార్లు. పెడల్ వదిలాక ర్యామ్ పైన ఆగాలి. లాచ్ స్ప్రింగ్ అరిగిపోతే ఆగదు, తొక్కకుండానే ఇంకోసారి దిగుతుంది. దీన్నే "డబుల్ కొట్టింది" అంటారు. మొదటి దెబ్బ అయ్యాక పీసు తీయడానికి చెయ్యి పెట్టిన క్షణంలో రెండో దెబ్బ పడుతుంది. ఇందులో ఆపరేటరు తప్పేముంది? డబుల్ కొడుతోందని పొద్దున్నే చెప్పినా, "సాయంత్రం డిస్పాచ్ ఉంది, నడిపించు" అన్నవాళ్లది తప్పు.

దీనికి విరుగుడు లేదా అంటే ఉంది. డై ముందు గార్డు, అది తెరిస్తే మెషీన్ నడవకుండా ఇంటర్‌లాక్, రెండు చేతులతో నొక్కితేనే దిగే రెండు బటన్లు, పీసు తీయడానికి చిమటాలు, అయస్కాంతాలు. కొంతమంది ఓనర్లు "లైట్ కర్టెన్ (చెయ్యి అడ్డొస్తే పసిగట్టే కాంతి తెర) పెట్టించాం, ఇక టెన్షన్ లేదు" అంటారు. పిన్ క్లచ్ ప్రెస్‌కి లైట్ కర్టెన్ పెట్టినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ క్లచ్ ఒకసారి పట్టుకుంటే చక్రం పూర్తిగా తిరిగేదాకా వదలదు. లైటు చెయ్యిని చూసినా ర్యామ్‌ని మధ్యలో ఆపలేదు. మధ్యలో ఆగగలిగే ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్‌లకే అది పనికొస్తుంది.

రెండు బటన్లు ఉన్నచోట ఒకదానికి చెక్క ముక్క ఇరికించి ఒంటి చేత్తో నడపడం కూడా మామూలే. పీసు రేటు మీద పని ఉంటే, గంటకి ఇన్ని తీయాలన్న టార్గెట్ ఉంటే, అలా చేయనివాడు సాయంత్రానికి వెనకబడతాడు. చెక్క పెట్టింది కార్మికుడే కావచ్చు, కానీ ఆ చెక్కని రోజూ చూస్తూ ఊరుకున్నది సూపర్‌వైజరు.

గ్లౌజులు వేసుకుంటే చాలదా?

రేకులు మోసేటప్పుడు, వేడి వస్తువులు పట్టేటప్పుడు వేసుకోవాలి. డ్రిల్లింగ్ మెషీన్, లేత్ లాంటి తిరిగే వాటి దగ్గర వేసుకోకూడదు. తిరిగే బిట్టు గ్లౌజు అంచుని పట్టుకుంటే చెయ్యిని మొత్తం చుట్టేస్తుంది. వదులు చొక్కా చేతులు, చున్నీ, గుడిలో కట్టిన ఎర్ర దారం, కడియం అన్నీ అంతే. దారం తీయడానికి మనసొప్పకపోతే మెడలో కట్టుకుని చొక్కా లోపలికి వేసుకోండి.

"నా అజాగ్రత్త వల్లే జరిగింది" అని రాయించి సంతకం పెట్టించుకున్నారు. ఇక ఏమీ రాదా?

వస్తుంది. ఇక్కడ చాలామంది అనవసరంగా భయపడి హక్కు వదులుకుంటారు. పరిహారానికి యజమాని తప్పు రుజువు చేయాల్సిన పని లేదు. మీ మామూలు పొరపాటు వల్ల జరిగినా పరిహారం పోదు. పని చేస్తుండగా, పని వల్ల జరిగిందా అన్నదే ప్రశ్న. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం (2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్‌లో చేరింది) ప్రకారం యజమాని తప్పించుకోగల సందర్భాలు కొన్నే. మద్యం లేదా మత్తు మందుల ప్రభావం వల్ల, కావాలని భద్రతా ఆదేశాన్ని ధిక్కరించడం వల్ల, కావాలని గార్డు తీసేయడం వల్ల గాయమైందని ఆయన చూపించాలి. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి ఆ సాకులు కూడా పనికిరావు. పరిహారం వదులుకుంటున్నానని ముందుగా రాసిచ్చిన ఒప్పందం కూడా చెల్లదు.

అయినా చదవకుండా సంతకం పెట్టకండి. నొప్పి మందుల మత్తులో ఉన్నప్పుడు అసలే వద్దు. ఆసుపత్రి వాళ్లు "ఎలా జరిగింది" అని అడిగినప్పుడు చెప్పే మాట మాత్రం జాగ్రత్త. "ఇంట్లో పడ్డానని చెప్పు, బిల్లు మేం చూసుకుంటాం" అని పక్కన ఉన్న సూపర్‌వైజరు గొణుగుతాడు. అలా రాయిస్తే ఆ ఒక్క వాక్యం తర్వాత ఏళ్ల తరబడి మిమ్మల్ని వెంటాడుతుంది. ఫలానా చోట, ఫలానా మెషీన్ మీద పనిచేస్తుండగా అని కేస్ షీట్‌లో రాయించండి. నా దృష్టిలో ఆ రోజు ఆపరేషన్ తర్వాత అంత ముఖ్యమైన పని ఇదొక్కటే.

ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంది. ఏమేం వస్తాయి?

నెల జీతం 21,000 రూపాయల వరకు ఉండి, పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థ అయితే సాధారణంగా ఈఎస్ఐ వర్తిస్తుంది. వైద్యం ఉచితం. ఈఎస్ఐ ఆసుపత్రిలో ఆ సర్జరీ లేకపోతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పంపుతారు. ఎమర్జెన్సీలో నేరుగా బయటి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే బ్రాంచ్ ఆఫీసుకి త్వరగా తెలియజేసి బిల్లులన్నీ దాచుకోండి, రీయింబర్స్‌మెంట్ అడగొచ్చు.

పనికి వెళ్లలేని రోజులకు సగటు రోజు వేతనంలో 90 శాతం ఇస్తారు. పనిలో జరిగిన ప్రమాదానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది.

గాయం మానాక వైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు సంపాదన సామర్థ్యం ఎంత శాతం తగ్గిందో తేలుస్తుంది. ఆ శాతం మేరకు జీవితాంతం డబ్బు వస్తుంది. ఉదాహరణకు సగటు రోజు వేతనం 500 అయితే 90 శాతం 450. బోర్డు 30 శాతం ఇస్తే రోజుకి 135, అంటే నెలకి సుమారు 4,050. మీరు వేరే చోట పనిలో చేరి జీతం తీసుకుంటున్నా ఇది ఆగదు. బోర్డు నిర్ణయం నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కి గానీ ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టుకి గానీ వెళ్లొచ్చు, గడువు మూడు నెలలు.

వీటన్నిటికీ మూలం యాక్సిడెంట్ రిపోర్టు. అందరికీ ఫారం 12గా తెలిసిన కాగితం. దాన్ని యజమాని పంపాలి. పంపకపోతే మీరే బ్రాంచ్ ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజేసి, స్టాంపు వేసిన కాపీ తీసుకోండి.

నా పేరు ఈఎస్ఐలో ప్రమాదం జరిగిన మర్నాడు ఎక్కించారు. ఇబ్బందా?

ఇబ్బందే గానీ దారి మూసుకుపోలేదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచే మీకు హక్కు ఉంటుంది. ఆలస్యంగా ఎక్కించడం యజమాని తప్పు. అలాంటప్పుడు కార్మికుడికి ఇవ్వాల్సింది ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకునే అధికారం ఈఎస్ఐ కార్పొరేషన్‌కి ఉంది. కాకపోతే మీరు ముందు నుంచే అక్కడ పనిచేస్తున్నారని చూపించాలి. ఫోన్‌పే‌లో పడ్డ జీతం, గేట్ పాస్, అటెండెన్స్ రిజిస్టర్ ఫొటో, "రేపు నైట్ షిఫ్ట్ రా" అని వచ్చిన వాట్సాప్ మెసేజ్, ఏదైనా సాక్ష్యమే. ఫోన్ మార్చే ముందు ఇవన్నీ దాచుకోండి.

ఈఎస్ఐ లేదు. డబ్బు ఎలా లెక్కేస్తారు?

ఉద్యోగుల పరిహారం కింద యజమానే ఇవ్వాలి. ఒకే గాయానికి ఈఎస్ఐ, ఇది రెండూ రావు. లెక్క ఇలా ఉంటుంది: నెల వేతనంలో 60 శాతాన్ని వయసుని బట్టి ఉండే గుణకంతో హెచ్చించి, వచ్చిన మొత్తంలో మీ వైకల్య శాతం తీయాలి. 2020 జనవరి 3 నోటిఫికేషన్ ప్రకారం వేతనం ఎంత ఎక్కువున్నా లెక్కకి 15,000 దాకే తీసుకుంటారు.

25 ఏళ్ల కుర్రాడు, జీతం 18,000 అనుకుందాం. 15,000లో 60 శాతం 9,000. 25 ఏళ్లకి గుణకం 216.91. హెచ్చిస్తే 19,52,190 రూపాయలు, ఇది నూరు శాతానికి. మూడు వేళ్లు పోతే 30 శాతం, అంటే 5,85,657. వైద్యానికి అయిన అసలు ఖర్చు దీనికి అదనం.

నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో 50 శాతం వరకు జరిమానా కూడా వేయొచ్చు. క్లెయిము రెండేళ్లలోపు వేయాలి. మన రాష్ట్రాల్లో ఈ కేసులు కార్మిక శాఖ అధికారుల దగ్గరే నడుస్తాయి.

ఏ వేలికి ఎంత శాతం?

చట్టం వెనక పట్టిక ఉంది. బొటనవేలు మొత్తం పోతే 30, దాని చివరి కణుపు పోతే 20. చూపుడు వేలు మొత్తానికి 14, రెండు కణుపులకి 11, ఒక కణుపుకి 9. మధ్య వేలు మొత్తానికి 12. ఉంగరపు వేలికైనా చిటికెన వేలికైనా 7. ఒకే చేతి రెండు వేళ్లకి 20, మూడింటికి 30, నాలుగింటికి 50. చెయ్యి మొత్తానికి, లేదా బొటనవేలితో పాటు నాలుగు వేళ్లకీ 60. రెండు చేతులూ పోతే 100. ఎముక పోకుండా కొస మాత్రమే తెగినా సున్నా కాదు, చూపుడు వేలికి 5 ఉంటుంది. వేలు ఉండి పూర్తిగా, శాశ్వతంగా పని చేయకపోతే అది పోయినట్టే లెక్క. అతికించిన వేలు కర్రలా బిగుసుకుపోయినవాళ్లు ఈ మాట బోర్డు ముందు గుర్తు చేయాలి.

పట్టికే చివరి మాట కాకపోవచ్చు. ఒడిశాకు చెందిన ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేశారు. పట్టిక ప్రకారం చూస్తే నూరు శాతం రాదు. ఒంటి చేత్తో వడ్రంగి పని చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975 డిసెంబర్‌లో సమర్థించింది. ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు, వెల్డర్లు, టూల్ రూమ్ ఫిట్టర్లు తమ కేసులో లాయర్‌తో ఈ తీర్పు గురించి తప్పక మాట్లాడాలి.

సదరం సర్టిఫికెట్‌లో ఒక శాతం, ఈఎస్ఐ బోర్డు ఇంకో శాతం ఇచ్చారు. ఏది కరెక్టు?

రెండూ కరెక్టే, కొలిచేవి వేరు. సదరం శిబిరంలో శరీరానికి వచ్చిన వైకల్యం చూస్తారు. పెన్షన్, బస్ పాస్, రిజర్వేషన్ల లాంటి వాటికి అది కావాలి, చాలావాటికి 40 శాతం ఉండాలి. ఈఎస్ఐ బోర్డు చూసేది సంపాదన సామర్థ్యం. ఒకటి చూపించి ఇంకోటి అడిగితే పని జరగదు.

కాంట్రాక్టర్ కింద పని చేస్తున్నాను. అతను ఫోన్ ఎత్తడం లేదు.

మీరు పనిచేసిన ఫ్యాక్టరీ యజమాని బాధ్యుడవుతాడు. ఆయన ముందు చెల్లించి కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటాడు. కాబట్టి క్లెయిములో ఇద్దరి పేర్లూ పెట్టండి. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు మీ పక్కన పనిచేస్తుంటే ఈ సంగతి వాళ్లకి కూడా చెప్పండి. ఈఎస్ఐ దేశమంతా చెల్లుతుంది, సొంతూరికి వెళ్లినా వైద్యం కొనసాగించుకోవచ్చు.

ఓనరు మంచివాడే. బిల్లంతా కట్టాడు, 50,000 ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

మంచితనాన్ని కాదనక్కర్లేదు. కానీ పై లెక్క వేసి చూశాక తేల్చుకోండి. శాశ్వత వైకల్యానికి పరిహారం చేతికి ఇచ్చేసి కాగితం రాయించుకుంటే సరిపోదు, కార్మిక శాఖలోని పరిహార కమిషనర్ ద్వారానే జరగాలి. లేకపోతే ఓనరుకే ఇబ్బంది, రేపు మళ్లీ కట్టాల్సి రావచ్చు. చిన్న ఓనర్లు చదువుతుంటే వాళ్లకో మాట: పది మందికి ఈఎస్ఐ కట్టడం కన్నా ఒక్క చేతికి పరిహారం కట్టడమే ఎక్కువ ఖరీదు. యజమాని వాటా వేతనంలో 3.25 శాతమే.

పోలీసు కేసు పెట్టాలా?

పనిలో జరిగిన తీవ్ర గాయాన్ని ఆసుపత్రి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయడం సాధారణం. దానికి అడ్డుపడకండి. మెషీన్ విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 289వ సెక్షన్ ఉంది. పరిహారం రావడానికి మాత్రం పోలీసు కేసు తప్పనిసరి కాదు.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, పాతవన్నీ పోయినట్టేనా?

నాలుగు కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈఎస్ఐ, ఉద్యోగుల పరిహారం సామాజిక భద్రత కోడ్‌లో చేరాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది. గాయానికి పరిహారం అనే సూత్రం అలాగే ఉంది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకి పాత చట్టమే వర్తిస్తుంది. కొత్త కోడ్‌లో యజమాని భద్రతా బాధ్యత తప్పడం వల్ల తీవ్ర గాయమైతే ఏడాది వరకు జైలు, లేదా 2 లక్షల నుంచి 4 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడికి ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు.

నాకు నచ్చనిది ఒకటుంది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. పాత పిన్ క్లచ్ ప్రెస్‌లు ఎక్కువగా ఉండేది పన్నెండు, పదిహేను మంది పనిచేసే షెడ్లలోనే.

కోలుకోవడానికి ఎంత కాలం పడుతుంది?

స్నాయువు, అంటే వేలిని లాగే తాడు, కుట్టాక బరువు పని చేయడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. నరం రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలి కొనకి స్పర్శ రావడానికి నెలలు పట్టేది అందుకే. ఈలోగా వేడి తెలియదు, టీ గ్లాసు పట్టుకుని కాల్చుకునేవాళ్లు ఎందరో.

ఆపరేషన్ సగమే, మిగతా సగం వ్యాయామం. డాక్టర్ కదిలించమన్న రోజు నుంచి నొప్పి ఉన్నా కదిలించకపోతే వేళ్లు బిగుసుకుపోతాయి. అలాగని చెప్పకముందే కదిలిస్తే కుట్టు తెగుతుంది. చేతి ఫిజియోథెరపీ తెలిసినవాళ్ల దగ్గర చేయించుకోండి. గాయం మానిపోయాక కూడా నొప్పి పెరుగుతూ, చెయ్యి వాచి, రంగు మారి, చల్లబడుతుంటే వెంటనే డాక్టర్‌కి చూపించాలి. అది నటన కాదు, గుర్తించిన జబ్బు.

లేని వేలు నొప్పి పెడుతోంది. రాత్రిళ్లు మెషీన్ చప్పుడు వినిపిస్తోంది. ఇది మామూలేనా?

మామూలే. లేని వేలు దురద పెట్టడం, మడిచి ఉన్నట్టు అనిపించడం చాలామందికి ఉంటుంది. అద్దం ముందు బాగున్న చేతిని కదిలిస్తూ చేసే చికిత్స కొందరికి పనిచేస్తుంది. ఉలిక్కిపడి లేవడం, ప్రెస్ చప్పుడుకి చెమటలు పట్టడం కూడా గాయంలో భాగమే. ఒక నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడి దగ్గరకి వెళ్లండి, లేదా 14416 టెలీమానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పెళ్లి సంబంధాల భయంతో చెయ్యి జేబులోనే పెట్టుకు తిరిగే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లని మందు వైపు పోనివ్వకుండా ఇంట్లోవాళ్లే కనిపెట్టుకుని ఉండాలి.

కృత్రిమ చెయ్యి, వేళ్లు దొరుకుతాయా?

సిలికాన్ వేళ్లు చూడ్డానికి అచ్చం నిజం వేళ్లలా ఉంటాయి, పనికి పెద్దగా ఉపయోగపడవు. మోచేతి కింద తెగినవాళ్లకి ఎల్ఎన్-4 అనే తేలికపాటి చేతిని రోటరీ క్లబ్బులు శిబిరాల్లో ఉచితంగా ఇస్తుంటాయి. దానితో పెన్ను, గిన్నె, బండి హ్యాండిల్ పట్టుకోవచ్చు. ఈఎస్ఐ బీమా ఉన్నవాళ్లకి కృత్రిమ అవయవాలు కార్పొరేషనే ఇస్తుంది.

పనిలోంచి తీసేస్తే?

ఈఎస్ఐ కింద తాత్కాలిక వైకల్య చెల్లింపు తీసుకుంటున్న కాలంలో, చికిత్సలో ఉన్న కాలంలో తీసేయకూడదు. ఆ తర్వాతే అసలు చిక్కు. ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ప్రైవేటులో అంత గట్టి రక్షణ లేదు. అందుకే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే "ప్రెస్ పని కాదు, తేలిక పని" అని డాక్టర్‌తో రాయించుకుని, దాన్ని జతచేసి స్టోర్స్, క్వాలిటీ చెకింగ్, ప్యాకింగ్ లాంటి పని ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

మా అన్నకి గల్ఫ్‌లో ఇలా జరిగింది.

ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యంతో ఉద్యోగం పోయినా 10 లక్షల వరకు కవరేజీ. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఎక్కడుందో ముందు వెతకండి. అక్కడి చట్టం ప్రకారం కంపెనీ ఇవ్వాల్సిన పరిహారం దీనికి వేరు. ఫైనల్ సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టి విమానం ఎక్కే ముందే అక్కడి మెడికల్ రిపోర్టు తెచ్చుకోమనండి. వచ్చేశాక ఇక్కడి నుంచి అది సంపాదించడం చాలా కష్టం.